కుడి పక్కకు లాగే కారు

కారు కుడి పక్కకు లాగుతోందని అక్క మొదటిసారి చెప్పినప్పుడు తమ్ముడికి ఏ దిగులూ కలగలేదు. లాగక ఏం చేస్తుంది అనుకున్నాడు. అది ఆమె డ్రైవింగ్ నేర్పే కారు. స్టీరింగ్ పట్టుకోవడం రానివాళ్లంతా దాన్ని ఫుట్‌పాత్ అంచులకు గుద్ది, గుంతల్లో దించి, స్పీడ్ బ్రేకర్ల మీద ఎగరేసి నేర్చుకున్నవాళ్లే. షెడ్డులో జాకీ మీద లేపి చూస్తే ముందు టైర్లు రెండూ లోపలి అంచున బోడిగుండులా అరిగిపోయి ఉన్నాయి. చక్రాన్ని బండికి పట్టి ఉంచే కింది ఆర్ముల్లో ఒకటి కాస్త వంగింది. వాటి చివరల ఉండే రబ్బరు బుష్‌లు చిట్లిపోయి, వేలితో గీకితే పొడి రాలింది.

పాతవాటినే సరిచేస్తే నాలుగు రోజుల్లో మళ్లీ ఇదే గోల అని చెప్పాడు. ఇంకా గట్టి రకం ఆర్ములు వేస్తానన్నాడు. వాటితో చక్రం వాలును కావలసినట్టు సర్దుకోవచ్చు.

"ఏదో ఒకటి చెయ్యి బుడ్డోడా. సోమవారం కల్లా బండి నా చేతిలో ఉండాలి," అంది అక్క.

జుట్టు సగం ఊడి, పొట్ట ముందుకొచ్చి, సొంత షెడ్డు పెట్టుకున్నా ఆమెకి అతను బుడ్డోడే.

కొత్త ఆర్ములు బిగించాడు. అలైన్‌మెంట్ యంత్రం మీదికి ఎక్కించి, తెర మీద అంకెలన్నీ కుదురుకునేదాకా బోల్టులు తిప్పాడు. షెడ్డు వెనక గోదాముల మధ్య పొడవాటి రోడ్డుంది. దాని మీద నడిపి చూస్తే బండి గీత గీసినట్టు వెళ్లింది. చేతులు తుడుచుకుని, ఇక దీని గొడవ వదిలిందనుకున్నాడు.

వారం తిరక్కుండానే అక్క మళ్లీ వచ్చింది. ఇంకా లాగుతోందంది. అతను వాదించలేదు. ఆర్ములను చక్రాలకు కలిపే బాల్ జాయింట్లు మార్చాడు. మళ్లీ వచ్చింది. స్టీరింగును చక్రాలకు కలిపే టై రాడ్ల చివరలు మార్చాడు. మళ్లీ వస్తే కుడి టైరు ఎడమకీ, ఎడమ టైరు కుడికీ వేశాడు. ప్రతిసారీ అతను నడిపితే తిన్నగా పోయే బండి, ఆమె చేతిలో పడగానే కుడికి ఒరుగుతోంది.

ఒక సాయంత్రం బండి అప్పగించి వెళ్లబోతూ అక్క తాళంచెవి అందించింది. అది ఆమె ఎడమచేతి వేళ్ల మధ్య నుంచి జారి నూనె మరకల నేల మీద పడింది. కుడిచేత్తో తీసి ఇచ్చి, నవ్వి, ఆటో ఎక్కి వెళ్లిపోయింది. చూడబోతే అదేమంత విషయం కాదు. అయినా తమ్ముడికి వాళ్లమ్మ గుర్తొచ్చింది. తాళంచెవి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

వాళ్లమ్మకు మొదట పోయింది చెయ్యే. గరిట జారిపోయేది. చెయ్యి తడిగా ఉందనుకున్నారు, గరిటకి జిడ్డు ఉందనుకున్నారు. నాన్న బజారుకెళ్లి గిన్నెలకీ గరిటెలకీ కొత్త పిడులు వేయించుకొచ్చాడు. తర్వాత కాలు ఈడ్చడం మొదలైంది, ఆ తర్వాత మాట ముద్దయిపోయింది. కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడే జబ్బు అన్నారు. అరుదుగా కొన్ని కుటుంబాల్లో పిల్లలకూ రావచ్చని డాక్టరు చెప్పిన మాట ఆ ఇంట్లో తర్వాత ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు అక్క వచ్చినప్పుడు, షాక్ అబ్సార్బర్లు కూడా మార్చి చూస్తానన్నాడు. వాటికి ఏమీ కాలేదని అతనికి తెలుసు. "మార్చు, మార్చు. అదే అయ్యుంటుంది," అని అక్క గబగబా ఒప్పేసుకుంది. ఎప్పుడూ ప్రతి మరకీ ఎందుకు, ఏమిటి అని ప్రాణం తీసే మనిషి. ఆ తొందర చూశాక అతని భయం రెట్టింపయింది.

బావకి ఫోన్ చేసి అవీ ఇవీ మాట్లాడి, ఇంట్లో అక్క చేతిలోంచి ఏమైనా జారుతున్నాయా అని అడిగాడు. గాజు గ్లాసులు పగులుతున్నాయని, సబ్బు నురగ వల్లే అంటోందని బావ చెప్పాడు. "సీసా మూతలు కూడా ఈమధ్య నన్నే తియ్యమంటోంది. ఎందుకు అడుగుతున్నావు?" అన్నాడు. ఊరికే అని ఫోన్ పెట్టేశాడు.

ఇక పని మీద మనసు నిలవలేదు. బిగించిన నట్టునే మళ్లీ బిగిస్తున్నాడు. నేర్చుకునేవాళ్లు స్టీరింగు తప్పు పక్కకి తిప్పితే అక్క పక్క సీట్లోంచి చెయ్యి చాపి పట్టేసుకోవాలి. ఆమె కాలి దగ్గర వేరే బ్రేకు ఉంది, నిజమే. కానీ చెయ్యి సమయానికి పట్టకపోతే? రోడ్డు మీద ఎక్కడ హారన్ గట్టిగా మోగినా అతని చేతిలో స్పానర్ ఆగిపోయేది.

చివరికి ఒక ఉదయం పాఠాలు మొదలవకముందే అక్క ఇంటికెళ్లి, బండి ఎలా లాగుతోందో పక్కన కూర్చుని చూస్తానన్నాడు. గోదాముల రోడ్డుకి తీసుకెళ్లింది. అతను రోడ్డు చూడలేదు, ఆమె చేతులే చూశాడు. కుడిచెయ్యి స్టీరింగుని గట్టిగా పట్టుకుని ఉంది. ఎడమచెయ్యి దాని మీద ఎవరో పెట్టి మరిచిపోయిన వస్తువులా ఉంది. వేళ్లు ముడుచుకోలేదు. కుడిచేతి బరువుకి బండి మెల్లగా కుడికి జరుగుతోంది.

"చూశావా?" అంది అక్క.

"ముందు ఎవరూ లేరు. ఒక్కసారి చేతులు వదులు అక్కా."

"నా దగ్గర నేర్చుకునేవాళ్లకి మొట్టమొదట ఏం చెప్తానో తెలుసా? ఏమైనా సరే స్టీరింగ్ వదలొద్దని."

"తెలుసు. వదులు. నా కాలు బ్రేకు మీదే ఉంది."

ఆమె చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. కారు తిన్నగా వెళ్లింది. కరెంటు స్తంభాలు దాటింది, మూసి ఉన్న గోదాము గేటు దాటింది, పక్కన ఆపిన నీళ్ల ట్యాంకరు దాటింది. వెంట్రుకవాసి కూడా పక్కకి పోలేదు.  కాసేపటికి అక్కే మళ్లీ స్టీరింగ్ పట్టుకుని బండిని రోడ్డు పక్కన ఆపింది.

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"తాళంచెవి జారిన రోజు నుంచి."

"నాకు అంతకు ముందే తెలుసు," అంది. "కానీ అప్పుడు బండి నిజంగానే పాడైంది కదా. ఆ టైర్లు నువ్వే చూశావు. హమ్మయ్య అనుకుని అంతా దాని మీదికి తోసేశాను."

"నేను చేసిందీ అదే. షాకులు మార్చాల్సిన పనే లేదు."

ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు. "అమ్మకి ఇలాగే మొదలైంది కదరా," అంది.

ధైర్యం చెప్పడానికి ఎన్నో మాటలు కూడగట్టుకుని వచ్చాడు.  రేపే డాక్టరు దగ్గరికి వెళ్దామని, బావకి తను చెప్తానని మాత్రం అనగలిగాడు. బావకి తనే చెప్పుకుంటానంది అక్క. ఆ రోజు పాఠాలన్నీ మానేసింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ వాళ్లమ్మ జబ్బు గురించి చాలాసేపు అడిగింది. నరాలకి కరెంటు పెట్టి చూశారు, కండరాల్లో సన్నని సూదులు గుచ్చి చూశారు. బయట బెంచీ మీద బావ రుమాలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెడుతున్నాడు. తమ్ముడు ఎదురుగోడ మీద ఊడిన పెచ్చునే చూస్తూ కూర్చున్నాడు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఇద్దరూ లేచి నిలబడ్డారు.

అందరినీ లోపలికి పిలిచాక డాక్టరమ్మ, పనిలో ఎలా కూర్చుంటారని అక్కని అడిగింది. అక్క కూర్చుని చూపించింది. కుడిచెయ్యి స్టీరింగు అందుకోవడానికి సిద్ధంగా, ఎడమ మోచెయ్యి కిటికీ అంచుకి ఆనించి. ఏళ్ల తరబడి అలాగే కూర్చుంది. డాక్టరమ్మ ఆ మోచేతి లోపలి పక్క వేలితో నొక్కగానే అక్క ఉలిక్కిపడింది.

నరం అక్కడే నొక్కుకుపోయిందని చెప్పింది. ఈ పరీక్షల్లో వాళ్లమ్మ జబ్బు జాడ ఏదీ కనబడలేదట. చిన్న ఆపరేషన్ చేస్తే పట్టు తిరిగి రావచ్చు, కానీ చిటికెనవేలూ దాని పక్కవేలూ పూర్తిగా మునుపటిలా అవుతాయని మాట ఇవ్వలేనంది. కుటుంబంలో ఉంది కాబట్టి ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకోవాలంది. అయితే అది కాదన్నట్టేనా అని తమ్ముడు అడిగిందే తిప్పి తిప్పి అడిగాడు. ఆమె విసుక్కోకుండా ప్రతిసారీ అదే జవాబు చెప్పింది. బావ ఆ రుమాలుతోనే మొహం కప్పుకుని అందరి ముందూ ఏడ్చాడు.

ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు సెలవు తీసుకుని అక్క మళ్లీ పాఠాలు మొదలుపెట్టింది. మోచెయ్యి ఆనించకుండా బావ కిటికీ అంచు మీద గరుకు కాగితం అంటించాడు. చొక్కాలు చిరుగుతున్నాయని అక్క అతన్ని రోజూ తిడుతోంది. పట్టు చాలావరకు వచ్చింది. చిటికెనవేలు మాత్రం ఇంకా మొద్దుగానే ఉంది.

ఆమె ఫోన్ చేస్తే తమ్ముడు ఇప్పటికీ ముందు ఏం చెబుతోందో వినడు, మాట తేటగా ఉందో లేదో వింటాడు. ఆమె పరీక్షకి వెళ్లే రోజు షెడ్డు తెరవడు.