ప్లీజ్ తీసేసిన వాక్యం

ప్రసన్నకుమారి కొవ్వూరులో ఓ ప్రైవేటు స్కూల్లో తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు చెబుతుంది. ఇంట్లో ఆమె, తల్లి మాణిక్యాంబ, ఇద్దరే. తల్లి కడుపులో గడ్డ ఉందని, గురువారం పొద్దున్నే ఆపరేషన్ చేస్తామని రాజమండ్రి డాక్టర్లు చెప్పారు. బుధవారం ప్రార్థన అవ్వగానే ప్రసన్నకుమారి ఆఫీసు గదికి వెళ్లి కరస్పాండెంట్ దొరబాబు ముందు నిలబడింది.

“సార్, ప్లీజ్ అండి. రేపొక్కరోజు సెలవివ్వండి. అమ్మకి ఆపరేషన్. సంతకం పెట్టడానికి నేను తప్ప ఎవరూ లేరండి.”

ఆయన ఫోన్లోంచి తలెత్తలేదు. “చూద్దాం లెండి మేడం. క్లాసుకెళ్లండి.”

కాదనలేదు కదా అని ఆమె కాస్త తేలికపడింది.

మూడో పీరియడ్‌లో డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్ నడుస్తోంది. మర్యాదగా అడిగిన మాటని మార్చేటప్పుడు ప్లీజ్ తీసేయాలని, సెడ్ బదులు రిక్వెస్టెడ్ పెట్టాలని ఆమె చెబుతూండగా దొరబాబు లోపలికొచ్చాడు. ఆమె చేతిలోంచి చాక్‌పీసు తీసుకున్నాడు.

“పుస్తకంలో వాక్యాలెందుకు మేడం, మన స్కూల్లోదే ఒకటిద్దాం,” అంటూ బోర్డు మీద రాశాడు. మేడం సెడ్ టు ద కరస్పాండెంట్, “ప్లీజ్ గివ్ మీ లీవ్ టుమారో.”

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు.

“మార్చండి చూద్దాం.”

గణేష్‌బాబు లేచాడు. “మేడం రిక్వెస్టెడ్ ద కరస్పాండెంట్ టు గివ్ హర్ లీవ్ ద నెక్స్ట్ డే, సర్.”

“గుడ్. రిక్వెస్టెడ్ కాకుండా ఇంకో మాట?”

ముందు బెంచీలో నూకరత్నం చెయ్యెత్తింది. చేపలమ్ముకునేవాళ్ల పిల్ల. రోజూ బడయ్యాక అరగంట కూర్చోబెట్టుకుని ఆ పిల్లకి గ్రామర్ నేర్పింది ప్రసన్నకుమారే.

“బాగా బతిమాలితే బెగ్‌డ్ అనొచ్చు సర్. మేడమే చెప్పారండి.”

దొరబాబు పకపకా నవ్వాడు. “అదీ. బెగ్‌డే కరెక్టు. మరి కరస్పాండెంట్ నో అన్నాడు. దాన్నేమంటారు?”

“రిఫ్యూజ్డ్ సర్,” అన్నారు నలభైమందీ.

సెలవు లేదన్న సంగతి ఆమెకి అలా తెలిసింది. ఆ వాక్యాలు అందరిచేతా నోట్సులో రాయించమని చెప్పి ఆయన వెళ్లిపోయాడు. ఆమె రాయించింది.

రాజమండ్రిలో జరిగే ఇంగ్లీషు పోటీకి క్లాసుకొకరి పేరు ఆ సాయంత్రమే పంపాలి. నూకరత్నం పేరు పంపుతానని వారం కిందటే మాటిచ్చింది. స్టాఫ్‌రూములో కాగితం తీసి గణేష్‌బాబు పేరు రాసింది. పక్కకొచ్చి నిలబడ్డ నూకరత్నం అది చూసింది.

“మేడం, నా పేరు రాస్తానన్నారు కదండీ. ప్లీజ్ అండి, రాయండి.”

“దాన్ని ఇన్‌డైరెక్ట్‌లో చెప్పు.”

పిల్ల బిత్తరపోయింది. “నూకరత్నం రిక్వెస్టెడ్ మేడం టు రైట్ హర్ నేమ్.”

“పొద్దున వాడావే, ఆ మాట పెట్టి చెప్పు.”

నూకరత్నం కళ్లు నిండిపోయాయి. తను ఏం తప్పు చేసిందో ఆ పిల్లకి అప్పుడే అర్థమైనట్టుంది. “బెగ్‌డ్,” అంది. “నూకరత్నం బెగ్‌డ్ మేడం...”

“కరెక్ట్. ఇక వెళ్లు.”

పిల్ల వెళ్లాక ప్రసన్నకుమారి కాగితంకేసి చూసింది. ఆ పేరు కొట్టేసి ఇంకోటి రాయడానికి ఎంతోసేపు పట్టదు. పెన్ను చేతిలోనే ఉంది. కాగితం మడిచి ఆఫీసులో ఇచ్చేసింది.

గురువారం ప్రసన్నకుమారి బడికే వెళ్లింది. పక్కింటి లోవమ్మ మాణిక్యాంబని ఆటోలో రాజమండ్రి తీసుకెళ్లింది. మధ్యాహ్నం ఫోన్ చేసింది. “సొంత మనిషి సంతకం కావాలన్నారమ్మా. పైవారం రమ్మన్నారు. మీ అమ్మ ఒకటే ఏడుపు.”

బడి వదిలాక ప్రసన్నకుమారి ఖాళీ క్లాసులో కుర్చీ లాక్కుని కూర్చుంది. నూకరత్నం ఒక్కతే ఇంకా సంచీ సర్దుకుంటోంది.

“రా అమ్మా, కూర్చో. ఇవాళ పాసివ్ వాయిస్ చెబుతాను.”

“ఇంటి దగ్గర పనుందండి,” అంది ఆ పిల్ల, ఎంతో మర్యాదగా. తలెత్తకుండా బయటికి వెళ్లిపోయింది.