బెల్లం తట్ట

గోవిందయ్యను లారీ మీదనుంచి ఈడ్చేశారు. నాపరాళ్ల సందున ముడుచుకుని కూర్చున్న ముసలివాణ్ణి మేస్త్రి కోటిలింగం రెక్క పట్టి కిందికి లాగాడు.

"రాళ్లకే బొగ్గు చాలక చస్తా ఉంటే మధ్యలో నువ్వేందయ్యా. దుమ్ము దగ్గుకు ఆసుపత్రా? బెల్లం తిను, పోద్ది."

యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క లారీ బొగ్గుతో నడుస్తోంది. గనినుంచి మాచర్ల రైలు దాకా వేరే దారి లేదు. దగ్గేవాణ్ణి ఏ రైతూ బండి ఎక్కించుకోడు.

లింగమ్మ మొగుడి తల ఒళ్లోకి తీసుకుంది. ఈ సోమవారం మంచం ఖాళీ అవుతుంది, తీసుకురమ్మని నరసరావుపేట ఆసుపత్రిలో చెప్పారు. లారీ పొగ కక్కుకుంటూ వెళ్లిపోయింది.

పనయ్యాక మనిషికొక బెల్లం ముక్క పంచడం ఆ గనిలో ఆనవాయితీ. గొంతులో దుమ్మును బెల్లం దించేస్తుందని అందరి నమ్మకం. ముసలివాళ్లకు రెండేసి ముక్కలు. గోవిందయ్య మూడేళ్లు అలాగే దగ్గును మింగాడు. మొదటిసారి ఆసుపత్రికి పోతే డాక్టరు ఛాతీ మీద గొట్టమైనా పెట్టలేదు. ముసలి దగ్గేనని ఎర్రమందు పోసి పంపాడు. నెత్తురు కక్కాకే కఫం పరీక్షించి, క్షయ అన్నారు. "ఇంత ముదిరాకా తెచ్చేది?" అని లింగమ్మనే కసిరారు.

పొద్దు వాలకముందే గోవిందయ్య పోయాడు.

మర్నాడు గని ఒడ్డున అందరూ చేరారు.

"క్షయ అని పైకి అన్నామంటే పని పీకేస్తారు," అన్నాడు అంతోని. అతనికీ అరవై దాటాయి.

"అనకపోతే గోవిందయ్య పక్కనే పూడుస్తారు. నీకేది కావాల బాబాయ్?" అంది హజ్రా బీ.

"నీదేం పోయింది, నీకు దగ్గు లేదుగా."

"మా అత్తకుంది. నిన్నటిదాకా బెల్లం పెట్టి నోరు మూయించింది నేనే."



సాయంత్రం కోటిలింగం బెల్లం తట్టతో వచ్చాడు. వెనక కంట్రాక్టరు కూడా ఉన్నాడు. లింగమ్మ తన ముక్క తీసుకుని, చూసి, మళ్లీ తట్టలో పెట్టింది.

"ఏమే, వద్దా?"

"వద్దు."

అప్పటిదాకా బిగబట్టిన దగ్గును ఆమె వదిలేసింది. నడుము వంగిపోయేలా దగ్గింది. మొగుడితో పాటు తనకూ ఉందని అప్పుడుగాని జనానికి తెలియలేదు. హజ్రా బీ అత్త తన ముక్క తట్టలో వేసింది. చివరికి అంతోనీ వేశాడు. బెల్లం లేని గొంతులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. గుంటలోంచి, రాళ్లగుట్టల వెనకనుంచి దగ్గులు లేచాయి. కంట్రాక్టరు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఇంతమందా?" అన్నాడు.

"ఇంతమందిమే. రేపు రాయి కదలదు," అంది లింగమ్మ. "దగ్గేవాళ్లను ముందు ఆసుపత్రికి పోను మాచర్ల రైలు కాడ దించు. వచ్చాక ఎవరి పని వాళ్లకుండాల."

"పోలీసుల్ని పిలిపిస్తా," అన్నాడు కంట్రాక్టరు.

తెల్లారేసరికి లారీ నిండా ముసలివాళ్లే. కుర్రకారు చేతులు కలిపి చుట్టూ నిలబడ్డారు. ఒక్క రాయి ఎక్కలేదు. పోలీసుల ఎర్రటోపీలు వచ్చాయి.

"దిగు ముసల్దానా, ఠాణాకు నడువు," అన్నాడు జమాదారు.

లింగమ్మ దిగలేదు. జరిగి పక్కన చోటిచ్చింది.

"ఠాణా కూడా మాచర్లలోనేగా నాయనా. ఎక్కు, పోదాం."