తన్నని తుపాకీ

సైన్యంలో హవల్దారుగా రిటైరై తార్నాకలో కాపురం పెట్టిన ఓబులేసుకు లోకంలో గిట్టని వస్తువు ఒక్కటే: పాయింట్ టూటూ రైఫిల్. దాని తూటా చూస్తే చిటికెన వేలంత కూడా ఉండదు. "దాంతో మామిడికాయలు రాల్చుకోవచ్చులే" అనేవాడు. అడవిపందికైతే త్రీ వన్ ఫైవ్ తుపాకీ ఉండాలి, సరిహద్దులోనైతే తాను మోసిన సెవెన్ సిక్స్‌టూ రైఫిల్ ఉండాలి. దాని తర్వాత సైన్యంలోకి వచ్చిన ఫైవ్ ఫైవ్ సిక్స్‌ను కూడా ఆయన మనస్ఫూర్తిగా క్షమించలేదు. "తేలిక, ఎక్కువ తూటాలు మోయొచ్చు, నిజమే. మోసేదానికా మనం యుద్ధానికి పోయేది?"

అలాంటివాడి కూతురు సుప్రజ యూనివర్సిటీ షూటింగ్ జట్టు ఎంపికకు దిగింది, అదీ పాయింట్ టూటూతో. ఎమ్మెస్సీ ఆఖరి సంవత్సరం కాబట్టి ఇదే చివరి అవకాశం. కూతురంటే ప్రాణం గనక ఓబులేసు తన చిరాకును దిగమింగుకున్నాడు. హాల్లో చాప పరిచి, చీపురుకట్ట చేతికిచ్చి రోజూ శిక్షణ ఇచ్చాడు. "బట్టు, అదే తుపాకీ మడమ, భుజానికి బిగించు పాపా. పండ్లు బిగబట్టు. పేలినాక అది ఎనక్కి తన్నేలోపల నువ్వే ముందుకు తోయాల!"

ఎంపిక రోజు పొద్దున క్యాంపస్ షూటింగ్ రేంజిలో సుప్రజ బోర్లా పడుకుని ప్రాక్టీసు తూటాలు కాల్చింది. అన్నీ గురిబోర్డు మీది నల్లచుక్కకు కిందే పడ్డాయి. "నేను చెప్పలే? అంత చిన్న తూటా గాలికే కొట్టుకపోతాది" అన్నాడు ఓబులేసు, అందరికీ వినపడేలా. అక్కడ ఆకైనా కదలడం లేదు.

కోచ్ స్నేహలత రైఫిలు తీసుకుని, తూటా పెట్టినట్టే నటించి, ఖాళీగా తిరిగి ఇచ్చింది. సుప్రజ ట్రిగర్ నొక్కింది. టిక్కుమంది, అంతే. భుజం మాత్రం పొట్టేలు కుమ్మినట్టు ముందుకు పోయి, రైఫిలు మూతి నేలకు వంగింది. పక్కనున్న అమ్మాయిలు గొల్లుమన్నారు.

"తూటానే లేదు, గట్ల కుమ్ముతున్నవేంది?" అంది స్నేహలత. "గిది తన్నదు సుప్రజా. గందుకే గురికి దీన్ని మించింది లేదు. ఎవరు నేర్పిండ్రు నీకు గిట్ల?"

సుప్రజ తండ్రి వైపు కన్నెత్తి చూడలేదు. "ఎవరూ నేర్పలేదు మేడమ్. నేనే అలవాటు చేసుకున్నా."

కూతురు తనను కాపాడుతోందని ఓబులేసుకు అర్థమైంది. ఇప్పుడు నోరు మెదపకపోతే పరువు దక్కుతుంది. కానీ ఎవరెంత చెప్పినా ఈ పిల్లకు నాన్న మాటే వేదం. ఆ మాట తప్పు అని ఆ నోటితోనే చెబితే తప్ప ఆ భుజం కుమ్మడం మానదు.

"నేర్పించింది నేనే మేడమ్" అన్నాడు గట్టిగా. "నా సెవెన్ సిక్స్‌టూ గాడిద మాదిరి తంతాది. దాని విద్య దీనికి పనికిరాదని నాకు తోచలేదు." తర్వాత కూతురి పక్కన గొంతుక్కూర్చున్నాడు. "పాపా, నేను చెప్పిందంతా మర్చిపో. ఇది యుద్ధానికి పనికిరాదు, యేటకు పనికిరాదు. కానీ నువ్వు యాడికి చూపిస్తే ఆడికే పోతాది. దాన్ని నమ్ము."

"నిజంగానా నాయనా?"

"మీయమ్మ తోడు!"

సుప్రజ ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతో బిగుసుకున్న భుజం దానంతటదే దిగింది. అసలు పోటీలో తూటాలు నల్లచుక్క నడుమ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పడ్డాయి.

మధ్యాహ్నం స్నేహలత జట్టు పేర్లు చదివింది. సుప్రజ పేరు రాగానే అందరూ చప్పట్లు కొట్టారు, ఓబులేసు తప్ప. ఆయన రెండు చేతులూ కళ్లు తుడుచుకునే పనిలో ఉన్నాయి.