పైన పుట్టిల్లు, కింద అత్తిల్లు

హాలప్ప షెడ్డులో పోకమట్టలతో పళ్ళేలు నొక్కే యంత్రానికి చేతి వాల్వు ఒకటి ఉంది. దాని లివర్ పైకెత్తితే పై అచ్చు లేస్తుంది, కిందికి నొక్కితే దిగుతుంది, వదిలేస్తే లివర్ నడిమికొచ్చి అచ్చు ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. దాని మీద పనిచేసే మేమిద్దరం ఈ మూడింటికీ పేర్లు పెట్టుకున్నాం. పైన పుట్టిల్లు, కింద అత్తిల్లు, నడుమ బస్టాండు. వినీ వినీ హాలప్పకూ అదే అలవాటయింది.

నాతో పనిచేసే హొన్నమ్మ హాలప్పకు సొంత చెల్లెలు. నెల కిందట మొగుడు కొడితే వాచిన బుగ్గతో, అత్తవారి ఊరు తీర్థహళ్ళి నుంచి వచ్చే బస్సు దిగింది. వచ్చే ఆదివారం మళ్ళీ అదే బస్సెక్కిస్తానని హాలప్ప ఆమె అత్తింటివాళ్ళకు మాటిచ్చేశాడు. చెల్లెలి బుగ్గ కంటే తన మాటే ఎక్కువ అతనికి. నాకు ఒళ్ళు మండింది గానీ, కూలికొచ్చినదాన్ని, నోరు మూసుకున్నాను.

పాత వాల్వు నూనె కారుతుంటే నిన్న మెకానిక్ రుద్రేశ్ వచ్చి కొత్తది బిగించాడు. ఏదో పెళ్ళి భోజనానికి వేళవుతోందని, అచ్చు కదిలిందా లేదా అని మాత్రం చూసి, దాన్ని సగం దిగినచోటే ఆపేసి పోయాడు. పొద్దున వచ్చి చూస్తే అచ్చు కింద మట్ట ఒకటి ఇరుక్కుని ఉంది. మోటారు వేసి, హాలప్ప చెయ్యి లోపలికి పెట్టి లాగడం మొదలెట్టాడు.

"సందు చాలట్లేదే. పుట్టింటికి పంపు."

హొన్నమ్మ లివర్ పట్టుకుంది కానీ ఎత్తలేదు.

"ముందు చెయ్యి తియ్యన్నా."

"పైకేగా పోయేది! నీ మొండితనంతోనే కాపురం చెడగొట్టుకున్నావు. ఆదివారం అక్కడికెళ్ళాకైనా చెప్పిన మాట వినడం నేర్చుకో."

"దేవుడు దిగొచ్చి చెప్పినా, చెయ్యి లోపలుంటే కదపను."

హాలప్ప తిట్టుకుంటూ చెయ్యి బయటికి లాక్కున్నాడు. ఆమె లివర్ పైకెత్తింది. అచ్చు కిందికి దిగింది. మట్ట ఫట్టుమని చిట్లింది.

రుద్రేశ్ రెండు నూనె గొట్టాలూ తారుమారు చేసి బిగించాడు.

హాలప్ప తన చేతినే చూసుకుంటూ నిలబడ్డాడు. ఇక నా నోరు ఆగలేదు.

"పుట్టిల్లని నమ్మితే అత్తింటికే తోస్తోంది కదయ్యా, మీ యంత్రం కూడా!"

హాలప్ప మోటారు ఆపి, స్పానర్ తెచ్చి, గొట్టాలు విప్పి తనే అటుదిటు మార్చాడు. మోచేతుల దాకా నూనె. మళ్ళీ మోటారు వేసి, "ఎత్తి చూడు" అన్నాడు. ఆమె ఎత్తింది. అచ్చు పైకి పోయి నిలిచింది.

"పుట్టింటికే పోయిందా?"

"పోయిందన్నా."

"ఇక అక్కడే ఉండనీ."

హొన్నమ్మ లివర్ వదల్లేదు.

"అచ్చునా, నన్నా?"

"నిన్నేనే!" అని కసిరి, చేతులు తుడుచుకోకుండానే బయటికి పోయాడు హాలప్ప.