పాటల టీచరు గొంతు

"వారం రోజులు మాట్లాడొద్దన్నాడా? అంతేగా! ఇంట్లో నీకు మాట్లాడాల్సిన పనేముంది?" అన్నాడు భర్త, బూట్ల లేసులు కట్టుకుంటూ. ఓదారుస్తున్నాననే అనుకున్నాడు పాపం.

గొంతులో వాపని చెప్పాడు డాక్టరు. గుసగుసలు కూడా పనికిరావట. ఇలాగే అరుస్తూ పోతే ఇక పాట మాట మర్చిపోవాల్సిందేనన్నాడు. అరవక ఏం చేస్తుంది? ఆమె స్కూల్లో బృందగానం, నాటకం నేర్పుతుంది. ఆమె గది కంప్యూటర్లకిచ్చేసి, క్లాసుని భోజనాల హాలు పక్క వరండాలోకి నెట్టారు. ఒకవైపు పళ్ళేల మోత, ఇంకోవైపు ఆటల సారు విజిల్. మైకు అడిగితే హెడ్మాస్టరు నవ్వి, "మీ గొంతే మైకు కదమ్మా!" అన్నాడు. ఆ పిచ్చి మెచ్చుకోలుకి పొంగిపోయి ఇన్నేళ్ళూ లాక్కొచ్చింది. లెక్కల మాస్టారికి పాఠాలు మిగిలిపోతే ఆమె పీరియడ్ పట్టుకుపోతాడు, ఎలాగూ పాటలేగా అని. నాటకం బట్టలు మాత్రం ఇంట్లో అంట్లు తోముకున్నాక ఆమే కుట్టాలి.

సెలవడిగితే, వార్షికోత్సవం ముందు కుదరదన్నాడు హెడ్మాస్టరు. "నోరు లేకపోతేనేం, చేతులున్నాయిగా. ఊపండి చాలు."

ఇంట్లో ఆమె మౌనం ఎవరికీ అడ్డురాలేదు. టీ వేళకి టీ వచ్చింది, ఇస్త్రీ చొక్కా హ్యాంగరుకి ఎక్కింది. తువ్వాలేదంటే వేలితో చూపించింది, మాత్రలేవంటే చేతిలో పెట్టింది. నొప్పి తగ్గిందా అని ఒక్కరైనా అడుగుతారని రెండు రోజులు ఎదురుచూసింది. మూడో రోజు అత్తగారు ఫోన్లో ఆడపడుచుతో, "మీ వదిన ఈమధ్య బాగా నెమ్మదించిందే తల్లీ!" అని మురిసిపోయింది. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళుగా నేను ఈ ఇంట్లో మాట్లాడిందంతా ఏమైనట్టు, ఎవరి చెవిన పడినట్టు అనుకుంది. ఏడుపొచ్చింది. ఏడిస్తే గొంతు ఇంకా పాడవుతుందని అదీ మింగేసింది.

స్కూల్లో కథ వేరే. మొదటిరోజు ఆమె చెయ్యెత్తగానే పాట రెండో పాదానికే కుప్పకూలింది. ఎప్పుడూ మొదటి మాట నుంచి చివరిదాకా పిల్లలతో కలిసి తనూ పాడేది. వాళ్ళంతా ఆ గొంతుకి వేలాడుతూ వచ్చారన్నమాట. ఇన్నాళ్ళూ వాపుని చూసి బలుపనుకుంది. పిల్లలు బిక్కమొహాలేశారు. ఆమె మళ్ళీ చెయ్యెత్తింది. పాట మళ్ళీ పడిపోయింది. ఎన్నోసారికో, వెనక వరుసలో తను కావాలనే దాచిన బొంగురుగొంతు పిల్ల శ్రుతి అందుకుంది. దాని వెనకే పక్కనున్నది, ఆ తర్వాత ఒక్కొక్కరూ. వారం తిరిగేసరికి పళ్ళేల మోతని దాటుకుని చివరి చరణందాకా వాళ్ళంతట వాళ్ళే పాడారు.

"టీచర్, మీకు నొప్పి తగ్గిందా?" అని అడిగింది బొంగురుగొంతు పిల్ల. ఆమె దాని తల నిమిరింది. సంతోషమేసింది. ఆ వెంటనే తన మీద తనకే కోపమొచ్చింది. నడవగలిగిన వాళ్ళని కూడా ఎందుకు మోశాను? ఇంట్లో ఇంకా ఎంతమందిని మోస్తున్నానో బస్టాపులో తల్చుకోబోయి, బస్సు రావడంతో ఎక్కేసింది.

వాపు తగ్గిందన్నాడు డాక్టరు. రోజూ కాసేపే పాడాలట, ఎక్కడ పాడాలో ఆమే చూసుకోవాలట.

ఆ సాయంత్రం భర్త హుషారుగా వచ్చాడు. "రేపు మా ఆఫీసరుగారూ, వాళ్ళావిడా భోజనానికొస్తున్నారు. నువ్వు పాడతావని చెప్పేశాను. ఆ రిహార్సలేదో ఎల్లుండి పెట్టుకో."

"మంచి పాటొకటి అనుకో అమ్మాయ్. ఆవిడకి పాటలంటే ప్రాణమట," అంది అత్తగారు.

ప్రతిసారీ ఇదే తంతు. వండి, వడ్డించి, ఎంగిలి ప్లేట్లు తీసి, చెయ్యి తుడుచుకుని నిలబడి పాడాలి. వాళ్ళు తిన్నది అరిగేదాకా వింటారు. తర్వాత ఆయన్ని మెచ్చుకుని వెళ్తారు.

ఆమె స్టవ్ కట్టేసి హాల్లోకి వచ్చింది.

"పాడను. రేపు నాకు రిహార్సలుంది, చీకటిపడ్డాక వస్తాను. భోజనం మీరు చూసుకోండి."

గొంతు జీరగా ఉన్నా మాట తడబడలేదు. అత్తగారు రిమోట్ వెతుక్కుని టీవీ సౌండు తగ్గించింది.

"ఏమన్నావ్?" అన్నాడు భర్త.

వినబడిందని ముగ్గురికీ తెలుసు. ఆమె మళ్ళీ చెప్పలేదు.