అన్న ఫోటో జానెడు దాటాలి

తాండూరు బస్టాండు దగ్గర నా ఫ్లెక్సీ షాపులో స్కేలుంది, టేపుంది. బుగ్గమ్మ మాత్రం కంప్యూటర్ తెర మీద చెయ్యి చాపి జానతో కొలిచింది.

“కొడుకా అఫ్సర్, మా అన్నది తక్కువున్నది. జర పెంచు.”

మర్నాడు ధారూర్‌లో ఆమె మనవడి ధోతీ ఫంక్షన్. పోయినేడు ఆమె ఇంటి గృహప్రవేశం ఫ్లెక్సీలో అన్న నర్సప్ప ఫోటో తమ్ముడు బిచ్చయ్య ఫోటో కంటే చిన్నగా పడిందట. నర్సప్ప విస్తరి ముందు నుంచి లేచి పరిగి బస్సెక్కాడు. అప్పటి నుంచి చెల్లెలితో మాటల్లేవు. ఇప్పుడు వస్తానని ఎవరితోనో కబురంపాడు. ఆ సంగతి చెప్తూ ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంటే నాకూ బాధేసింది.

ఇద్దరి ఫోటోలనూ నేను స్టైలుగా ఒక పక్కకు వంచి పెట్టాను. అదే నా కొంప ముంచింది. మూల పట్టుకుని పెంచితే నర్సప్ప తలరుమాలు పిల్లవాడి పేరు మీదికి పోతోంది.

“పైకెందుకు? పక్కకు గుంజు!” అంటూ, నేను మోగుతున్న ఫోనెత్తేలోపు ఆమే మౌస్ లాక్కుని గుంజేసింది.

వంచిన ఫోటోను పక్క నుంచి లాగితే వెడల్పు ఒక్కటే పెరగదు, మనిషంతా ఒరిగిపోతాడు. నర్సప్ప దవడ ఒక దిక్కు, రుమాలు ఇంకో దిక్కు పోయాయి. మీసం కొస చెవిని తాకింది.

“గిట్ల గుంజద్దు పెద్దమ్మా!” అని వెనక్కి తెచ్చాను. ఫోటోను ముందు నిటారుగా నిలబెట్టి, మూల పట్టుకుని చోటున్నంత మేర పెంచి, మళ్ళీ వంచాను. ముఖం ముఖంలాగే ఉంది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ఆమె మళ్ళీ జాన పెట్టింది. “తమ్మునితోని సమానమే అయింది. అన్న పెద్దోడు గదా? ఇందాకటిదే ఎయ్యి.”

“మొఖం వంకర పోయింది గదా!”

“వంకరైతే ఏమాయె? చిన్నగైతే మా అన్న మల్ల రాడు.”

ఆ వంకర ఫోటోనే మళ్ళీ పెట్టాను. తిట్టుకుంటూ ప్రింటు కొట్టాను. పరువు పోతుందని కింద మూలనుండే మా షాపు పేరూ నంబరూ మాత్రం తీసేశాను.

మర్నాడు కట్టడానికీ నేనే పోవాల్సి వచ్చింది. నర్సప్ప వచ్చి ఫ్లెక్సీ ముందు నిలబడ్డాడు. బుగ్గమ్మ నీళ్ళ చెంబు పట్టుకుని ఎదురొచ్చింది. నేను నిచ్చెన చాటుకు జరిగాను. ఆయన ఒక కన్ను మూసి, చెయ్యి చాపి, గాలిలోనే జానతో తన ఫోటో కొలిచాడు. తర్వాత తమ్ముడిది కొలిచాడు.

“బుగ్గీ, ఆకలైతున్నదే,” అన్నాడు.

ఆమె చెంబు అక్కడే వదిలేసి అన్నను పట్టుకుని బోరుమంది. నాకూ కళ్ళు తడిశాయి, ఒప్పుకుంటున్నాను.

రెండు రోజులకు తమ్ముడు బిచ్చయ్య చెమటలు కక్కుతూ షాపులోకి వచ్చాడు. “ఫ్లెక్సీ మీద నంబర్ లేకపాయె. తాండూరంత తిరిగిన! మా బిడ్డ ఫంక్షనున్నది.”

ఆయన ఫోటో తెరిచి, నిటారుగా నిలబెట్టబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

“గట్ల గాదు. మా అన్నది గుంజినట్టు గుంజు.”