గీతలు చూపించే లైట్లు

నల్ల కారు షెడ్డులో ఉన్నంతసేపూ అద్దంలా మెరిసింది. గీతలక్క మరిది దాన్ని మెల్లగా వెనక్కి నడిపి, షట్టరు దాటించి, పదిగంటల ఎండలో ఆపాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి.

బానెట్ మీద సూర్యుడు కనిపించిన చోట, చుట్టూ సాలెగూడులా సన్నటి గీతలు. అడుగు పక్కకి జరిగి చూస్తే సాలెగూడూ అడుగు జరిగింది. అంటే అది ఒక్క చోట లేదు, బానెట్ అంతా అల్లుకుని ఉంది. తలుపుల మీదైతే పాలిషు మెషీను తిరిగిన దారులన్నీ చారలు చారలుగా, తడిగుడ్డతో సగం తుడిచి వదిలేసిన గచ్చులా కనిపించాయి.

ఆ పాలిషు పెట్టింది గీతలక్క. ఆమె అసలు పేరు అది కాదు. కారు ఒంటి మీద వెంట్రుకవాసి గీత ఉన్నా వేలు పెట్టి చూపిస్తుందని వీధిలో మెకానిక్కులు తగిలించిన పేరు. పదహారేళ్ళుగా ఇదే పని. భర్త బస్సు డ్రైవరు. షెడ్డు వ్యవహారమంతా ఆమె, మరిది కలిసి చూసుకుంటారు. పని ఆమెది, మాటలు మరిదివి.

కారు యజమాని రిటైరయిన హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ కళ్ళజోడు తీసి, చీరకొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని బానెట్ మీదికి వంగింది.

"నా కళ్ళ తప్పేమో అనుకున్నానమ్మా," అంది.

"కాదు మేడమ్," అంది గీతలక్క.

వీడియో తీస్తున్న మరిది ఫోను దించేశాడు. "ఎండలో ఏ కారైనా ఇంతే మేడమ్. నల్ల రంగు కదా..." అని మొదలుపెట్టాడు.

"నువ్వాగు నాయనా. పని చేసినావిడతో మాట్లాడుతున్నాను." ఆవిడ గీతలక్క వైపు తిరిగింది. "నేను ముప్ఫయ్యేళ్ళు బళ్ళో ఉన్నాను. తప్పు చేసిన పిల్లని ఒక్కనాడూ కొట్టలేదు. ఎందుకు తప్పిందో చెప్పమనేదాన్ని. చెప్పు, ఎందుకిలా అయింది?"

గీతలక్క బానెట్ మీద ఒక గీత వెంట వేలు పోనిచ్చింది. నాలుగు తిట్టి పోయినా బాగుండేది. ఆవిడ తిట్టలేదు. జవాబు దొరికాక పిలవమని, ఆ గీతల కారులోనే ఎక్కి వెళ్ళిపోయింది.

గీతలక్క షెడ్డులోకి వచ్చి, చేతిలోని గుడ్డని బకెట్లోకి విసిరికొట్టింది. నీళ్ళు గోడ దాకా చిందాయి. తల పైకెత్తి చూసింది. పైన తేనెపట్టులాగా ఆరు మూలల గళ్ళు గళ్ళుగా అల్లిన లైట్లు, కప్పంతా పరుచుకుని, తెల్లగా, నవ్వుతున్నట్టు వెలుగుతున్నాయి.

"ఇవి," అంది వెనకే వచ్చిన మరిదితో. "ఇవి తెచ్చి పెట్టింది నువ్వు."

నాలుగు నెలల కింద చెల్లెలు ఆస్పత్రిలో ఉంటే తోడుగా ఆమె పది రోజులు వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పాత ట్యూబులు లేవు, ఈ తేనెపట్టు ఉంది. మరిది గొప్పగా స్విచ్చి వేసి చూపించాడు. కారు మీద ఆ గళ్ళన్నీ ప్రతిబింబించి ఏ కారు పెట్టినా పెళ్ళికొడుకులా తయారయ్యేది. ఆ ఫోటోలు చూసే కొత్త బేరాలు వచ్చాయి.

"ఫోటోల కోసం లైట్లు పెడతావురా? నేనిక్కడ ఫోటోలు దిగుతున్నానా, గీతలు తీస్తున్నానా? కప్పంతా ఒకటే వెలుగు. ఎటు చూసినా తెలుపే. గీత ఎక్కడ కనిపించి చస్తుంది? కారు పక్కలకి చూడు, మోకాలి కింద అంతా చీకటి! నన్నొక్క మాట అడిగి కొనాలని తోచలేదా?"

మరిదికీ ఒళ్ళు మండింది.

"అడగలేదు, నిజమే. కానీ వదినా, మొదటి రోజు నువ్వేమన్నావు? 'చేతికి పని తగ్గిందిరా, రెండో చుట్టు పాలిషు కూడా అక్కర్లేకుండా పోతోంది' అనలేదూ? అప్పుడు నీ కళ్ళెక్కడికి పోయాయి? నేను ఫోటోలు తీసేవాణ్ణే. గీతలు చూసేదానివి నువ్వు."

ఆమెకి చెంప చెళ్ళుమన్నట్టయింది. చెయ్యెత్తింది కూడా, కానీ ఆ చేత్తో స్విచ్చి కట్టేసింది.

నిజమే, అంది ఆమె మాట. అప్పుడు సాయంత్రం నాలుగింటికల్లా పని తెమిలిపోతుంటే హాయిగా ఉండేది. వెనకటి రోజుల్లో కారుని వాకిట్లోకి తోసి ఎండలో ఒకసారి చూసుకునేది. లైట్లు అంత బాగున్నాక ఎండ ఎందుకులే అనుకుంది. అనుకున్నందుకు ఇప్పుడు తన మీద తనకే కారం రాసుకున్నట్టుంది. మరిది మీద కోపం సగమే. మిగతా సగం ఎవరి మీద పోసుకోవాలో తెలియక, ఆ మధ్యాహ్నమంతా ఖాళీ డబ్బాలు తన్నుకుంటూ తిరిగింది.

మర్నాడు పాతసామాన్ల కొట్టు నుంచి ఒక కారు తలుపు తెచ్చింది. పక్క షెడ్డు పెయింటరుతో దానికి నల్ల రంగు కొట్టించింది. రంగు గట్టిపడడానికి వారం ఆగి, నడిమధ్యన కాగితం పట్టీ అంటించి రెండు సగాలు చేసింది. ఎడమ సగం పాత పద్ధతిలో, ఎండలో చూసుకుంటూ, నిఖార్సుగా పాలిషు చేసింది. కుడి సగాన్ని మురికి గుడ్డతో గరగరా రుద్ది వదిలేసింది.

"పట్టుకో," అంది మరిదితో.

"ఎక్కడికి?"

"నువ్వు తేనెపట్టు కొన్న కొట్టుకి."

బజారులో జనం తప్పుకుని తప్పుకుని చూశారు. మరిది తలుపుని నెత్తిన పెట్టుకుని నడుస్తుంటే ఎవరో "మిగతా కారేదయ్యా?" అని అడిగారు. మరిది పళ్ళు కొరికాడు. ఇంకో రోజైతే గీతలక్క కూడా నవ్వేది.

లైట్ల కొట్టు యజమాని మరిదిని చూసి ఇంత మొహం చేసుకున్నాడు. "రండి రండి! ఏం కావాలి? మేడమ్‌గారికి ఇంట్లోకా? హాల్లోకి మంచి..."

"షెడ్డులోకి," అంది గీతలక్క. "మేడమ్‌గారు ఇక్కడే ఉన్నారు. నాతో మాట్లాడండి."

తలుపు గ్లాసు కౌంటరు మీద దబ్బున పడింది. యజమాని ఉలిక్కిపడ్డాడు.

"దీంట్లో సగం బాగుంది, సగం పాడైంది. మీ లైట్లు ఒక్కొక్కటే వెలిగించండి. రెండు సగాలూ ఒకేలా కనిపిస్తే ఆ లైటు నాకొద్దు."

యజమాని మొదట కొట్లో ఉన్నవాటిల్లోకెల్లా పెద్ద పలకలైటు వెలిగించాడు. కళ్ళు జిగేల్మన్నాయి. తలుపు ఈ చివర నుంచి ఆ చివర దాకా పెరుగు పోసినట్టు తెల్లబడింది.

"ఒకేలా ఉంది. తీసేయండి."

రెండోది నీలం తిరిగిన తెలుపు. ఆ వెలుగులో మరిది చెయ్యి కూడా శవం చెయ్యిలా కనిపించింది. మూడోది పసుపు. గీతలు కొంత తెలిశాయి కానీ, ఆమె సంచిలోంచి తీసిన తెల్లరంగు డబ్బా మూత వెన్న రంగులోకి మారిపోయింది.

"తెల్ల కారు మీద పాలిషు మందు మిగిలిపోతే దీంట్లో నాకు తెలియదు. పగటి వెలుగులా ఉండాలి. రంగుని ఉన్నదున్నట్టు చూపించాలి. లైటు డబ్బా మీద దానికి వందకి ఇన్ని అని అంకె ఉంటుంది కదా? తొంభై దాటినవి చూపించండి."

యజమానికి సహనం అయిపోయింది. "ఏమ్మా, మార్కులు చూసి లైట్లు కొంటారా? గంట నుంచీ నా కౌంటరు మీద కారు తలుపు పెట్టుకుని కూర్చున్నారు. లోపలికొచ్చిన బేరం కూడా వెనక్కి పోతోంది!"

"నాలుగు నెలల కింద ఇతనికి అమ్మింది మీరే కదా? ఏం పనికి అని అడిగారా?"

"కార్ల షెడ్డుకన్నాడు. ఇచ్చాను. అందరూ అవే కొంటున్నారు."

"అందరూ కారు నిలబెట్టి చూసుకోవడానికి కొంటున్నారు. నేను గీత వెతకడానికి కొంటున్నాను. అడిగుంటే మీకు అప్పుడే తెలిసేది. నేను లేను, వీడు చెప్పలేదు, మీరు అడగలేదు. ముగ్గురం కలిసి ఒక పెద్దావిడ కారు పాడుచేశాం. ఇంక మీరు ఊరికే అరవకండి, లైట్లు వెలిగించండి!"

యజమాని ఏదో గొణుక్కుంటూ లోపలికి వెళ్ళి, అరచేయంత దీపం ఒకటి తెచ్చాడు. పలకలాగా పరుచుకున్న వెలుగు కాదు, ఒకే ఒక్క చుక్క. దాన్ని తలుపు మీదికి పట్టగానే కుడి సగంలో సాలెగూడు పైకి లేచినట్టు కనిపించింది. ఎడమ సగం నల్లగా, నిశ్చలంగా ఉంది.

"ఇది," అంది గీతలక్క. ఆ ఒక్క మాటే మెల్లగా వచ్చింది.

యజమాని దీపాన్ని తన చేతిలోకి తీసుకుని తలుపు మీద అటూ ఇటూ తిప్పి చూశాడు. "పదేళ్ళుగా అమ్ముతున్నాను. ఇలా ఎప్పుడూ చూళ్ళేదు," అన్నాడు. అయినా మొహం మాత్రం చిట్లించుకునే ఉన్నాడు. గోడలకి గీతలక్క పొడవాటి ట్యూబులు ఎంచుకుంది. పైన పాలరంగు మూత ఉన్నవి, కంటికి గుచ్చుకోనివి, కడిగేటప్పుడు నీళ్ళు పడ్డా పాడవనివి.

బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియనుతో మళ్ళీ గొడవ. "లైటు పైనుంచే కదమ్మా పడాలి? మోకాలి దగ్గర ఎవరైనా పెడతారా?" అన్నాడు. గీతలక్క సుద్దముక్క తీసుకుని గోడల మీద తనే గుర్తులు పెట్టింది. మోకాలి ఎత్తున కొన్ని, నడుం ఎత్తున కొన్ని, కప్పుకి మాత్రం కారు నడినెత్తిన కాకుండా రెండు పక్కలా రెండు వరసలు. దేని స్విచ్చి దానికి వేరేగా. "నాకు కావలసినప్పుడు సగం ఆర్పుకోవాలి. అన్నీ ఒకేసారి వెలిగితే మళ్ళీ మొదటికొస్తుంది," అంది.

షెడ్డులో తేనెపట్టు కిందే పని ముగిసిన ముదురెరుపు కారు ఒకటి దాని యజమాని కోసం ఎదురుచూస్తోంది. పై లైట్లు ఆర్పి, పక్కవి వేసి, చేతిదీపం పట్టి గీతలక్క దాని చుట్టూ నడిచింది. తలుపుల కింది భాగంలో అసలు మెషీనే తగల్లేదు. హ్యాండిల్ చుట్టూ ఎండిన మందు. వెనక డిక్కీ మీద ఆమె చేతి ఊపు ఊపంతా అచ్చు పడి ఉంది.

మరిది వెనకే నిలబడి చూస్తున్నాడు. "ఇన్నా..." అన్నాడు.

"తేనెపట్టు కింద ఎన్ని కార్లు చేశాం?"

మరిదికి ఆమె ఏం అడగబోతోందో అర్థమైంది. "వదినా, వద్దు."

"ఎన్ని?"

"ఇది, టీచరుగారిది కాక పదకొండు. ఎవ్వరూ ఏమీ అనలేదు. వాళ్ళకి తెలియదు కూడా. ఫోన్ చేసి మేం పని పాడుచేశాం అని మనంతట మనమే చెప్పుకుంటామా? వీధిలో నవ్వరూ?"

"నవ్వనీ."

"నేను చెయ్యను."

"నువ్వే చేస్తావు. మాటలు నీవి కదా. మంచి మాటలు ఫోటోలకే పెట్టావా, వీటికి కూడా కాస్త మిగిల్చావా?"

రెండు రోజులు వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. బస్సు డ్యూటీ నుంచి వచ్చిన భర్త అటు తమ్ముణ్ణీ ఇటు భార్యనీ చూసి, కంచం ఎత్తుకుని వరండాలోకి పోయి తిన్నాడు. మూడో రోజు మరిది షెడ్డు బయట బల్ల మీద కూర్చుని, మొహం కందగడ్డలా పెట్టుకుని, ఒక్కొక్కరికే ఫోన్ చేశాడు. లోపల మెషీను ఆపి గీతలక్క వింటూనే ఉంది. అతను ఎక్కడా తప్పు వదిన మీదికి నెట్టలేదు. "లైట్లు నేను తప్పు కొన్నానండీ," అన్నాడు ప్రతిసారీ. అది విని ఆమె కోపం కాస్త దిగింది.

హెడ్‌మిస్ట్రెస్‌కి మాత్రం గీతలక్కే ఫోన్ చేసింది. ఆవిడ వచ్చి, గోడల వైపు, సుద్ద గుర్తుల వైపు చూసింది.

"జవాబు దొరికిందా?"

"దొరికింది మేడమ్. కనిపించలేదు కాబట్టి లేదనుకున్నాను. పని తొందరగా అయిపోతుంటే బాగుందనుకున్నాను. లైట్ల తప్పు సగం, నాది సగం."

"సగమేనా?"

గీతలక్కకి చురుక్కుమంది. ఎదురు చెప్పబోయి, ఆగి, "కాదు. ఇంకొంచెం ఎక్కువే," అంది. ఆవిడ తాళాలు ఇచ్చి స్టూలు మీద కూర్చుంది. ఆ కారుకి నాలుగు రోజులు పట్టింది. ఈసారి ఆవిడే చేతిదీపం పట్టుకుని, పరీక్ష పేపరు దిద్దినట్టు చుట్టూ తిరిగింది. అద్దం కింద ఒక చోట ఆగి వేలు పెట్టింది. గీతలక్క అక్కడ మళ్ళీ చేసింది.

పదకొండు మందిలో ఏడుగురు వచ్చారు. ముగ్గురు బాగానే ఉందిలెమ్మన్నారు. చివరి మనిషి, బట్టల కొట్టు మేనేజరు, ఏమిటో చూద్దామని బూడిదరంగు కారు వేసుకుని వచ్చాడు. గీతలక్క పక్క లైట్లు వేసి చూపించింది. అతని మొహం ఎర్రబడింది.

"నాలుగు నెలలు ఈ కారుని చూసుకుని మురిసిపోయానమ్మా నేను! రోజూ పొద్దున్నే తుడుచుకునేవాణ్ణి. ఎవరు చూపించమన్నారు మిమ్మల్ని? ఇప్పుడు ఎప్పుడు చూసినా ఇదే కనిపిస్తుంది నాకు!"

"కనిపిస్తుంది," అంది గీతలక్క. "నేను సరిచేసేదాకా."

"చేశాక మాత్రం? మళ్ళీ ఎక్కడో వెతుక్కుంటాను. కళ్ళు పాడుచేశారు మీరు!"

"తిట్టండి, తిట్టించుకోవలసిన పనే చేశాను. తిట్టడం అయ్యాక తాళాలు ఇవ్వండి."

అతను ఇంకో అయిదు నిమిషాలు తిట్టాడు. మరిది మధ్యలోకి రాబోతే గీతలక్క కళ్ళతోనే ఆపింది. తాళాలు బల్ల మీద విసిరి, "శనివారం వస్తాను. దీపం నేనే పట్టుకుంటాను," అని అతను నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

"చూశావా? మంచికి పోతే ఇదీ," అన్నాడు మరిది.

"నోరు మూసుకుని ఆ వైరు ఇటు లాగు."

అతను వైరు లాగి ప్లగ్గు పెట్టాడు. గీతలక్క పీట వేసుకుని, తలుపు కింది అంచు దగ్గర కూర్చుని, మెషీను ఆన్ చేసింది.